నడిబొడ్డుకా, పేటలకా? కౌన్సిల్ గొడవకు ముందే తేలిపోయే లెక్క

బడ్జెట్ సమావేశం రోజున ఏ నగరపాలక సంస్థ కౌన్సిల్ హాల్లో కూర్చున్నా ఒక గొడవ తప్పకుండా వింటాం. శివారు వార్డు కార్పొరేటర్ ఒకరు లేచి, "అధ్యక్షా, మెయిన్ రోడ్డులో ఫుట్‌పాత్ టైల్స్ మార్చడానికి కోట్లు ఉంటాయి, మా వార్డులో కాలువ కట్టడానికి పది లక్షలు ఉండవా?" అని అడుగుతారు. వెనక నలుగురు బల్లలు చరుస్తారు. నడిబొడ్డు బాగుంటేనే పెట్టుబడులు వస్తాయని, పన్నులు పెరుగుతాయని, ఆ డబ్బే రేపు శివారుకు చేరుతుందని అటువైపు నుంచి జవాబు వస్తుంది. కొందరు పోడియం దగ్గరికి దూసుకెళ్తారు, మైకులు ఆగిపోతాయి, కాసేపటికి బడ్జెట్ ఆమోదం పొందినట్టు ప్రకటిస్తారు. మర్నాడు పేపర్లో "రసాభాసగా కౌన్సిల్" అని వార్త.

ఆ వార్త చదివితే డబ్బు ఎటు పోవాలో ఆ హాల్లోనే తేల్చారని అనిపిస్తుంది. కానీ అందులో పెద్ద భాగం ఎటు పోవాలో అప్పటికే తేలిపోయి ఉంటుంది. కౌన్సిల్ ముందుకు వచ్చేది మిగిలిన కొంచెమే. ఆ కొంచెం కోసం పేట, నడిబొడ్డు కొట్టుకుంటాయి. గొడవ ఎందుకు తెగదో తెలియాలంటే ముందు ఆ డబ్బు ఎన్ని రకాలో చూడాలి.

కార్పొరేషన్ బడ్జెట్ అని మనం చదివే వందల, వేల కోట్ల అంకె ఒకే సంచిలోని డబ్బు కాదు. ఒక ఇంట్లో నెల జీతం, ఊళ్లో పొలం కౌలు, అమ్మాయి పెళ్లికని కట్టుకున్న చిట్టీ, బ్యాంకు లోను అన్నీ ఒకే కాగితం మీద కూడి "మా ఆదాయం ఇంత" అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అందులో ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టుకోగలిగింది జీతం ఒక్కటే. అది కూడా అద్దె, ఫీజులు, ఈఎంఐ పోగా మిగిలింది.

కార్పొరేషన్‌కు జీతం లాంటిది సొంత ఆదాయం: ఆస్తి పన్ను, భవన అనుమతుల ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు, దుకాణాల అద్దెలు. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, కరెంటు బిల్లులు, చెత్త లారీల డీజిల్ ఇందులోంచే పోవాలి. మిగతాదంతా షరతులతో వచ్చేదే. కేంద్రం నుంచి రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎంత రావాలో సూచించే ఆర్థిక సంఘం ఉంది కదా, 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లనే తీసుకోండి. 10 లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు, పట్టణాలకు ఇచ్చిన దాంట్లో 60 శాతాన్ని మంచినీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నది షరతు. అంతకంటే పెద్ద నగరాలకు గాలి నాణ్యత, నీరు, చెత్త నిర్వహణ లెక్కన వేరే నిధి. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. ఈ షరతుల్లో చెడు ఏమీ లేదు. చాలావరకు మంచివే. కానీ ప్రతి షరతూ కౌన్సిల్ చేతిలోంచి కొంత నిర్ణయాన్ని తీసుకుపోతుంది. ఆ సంగతి బయట ఎవరూ చెప్పరు కాబట్టి కార్పొరేటర్‌ను కాలర్ పట్టుకుని అడిగే ఓటరుకు అది తెలియదు.

ఇక నడిబొడ్డు, పేటల మధ్య తేడాను మొదటి అడుగులోనే రాసిపెట్టిన షరతు ఒకటుంది. అదే స్మార్ట్ సిటీ మిషన్.

విశాఖలో ఎవరు తేల్చారు?

2015 జూన్ 25న కేంద్రం ఈ మిషన్ మొదలుపెట్టింది. 100 నగరాలు, ఐదేళ్లలో కేంద్రం వాటా రూ.48,000 కోట్లు. అంటే ఒక్కో నగరానికి సగటున దాదాపు రూ.500 కోట్లు, అంతే మొత్తం రాష్ట్రమూ స్థానిక సంస్థా కలిసి వేసుకోవాలి. ఇక్కడే అసలు మెలిక ఉంది. ఈ డబ్బును నగరమంతా పరచడానికి వీల్లేదు. నగరంలో ఒక ప్రాంతాన్ని ఎంచుకుని దాన్ని తీర్చిదిద్దాలి. ఉన్న ప్రాంతాన్ని మెరుగుపరిస్తే కనీసం 500 ఎకరాలు, పాతది తీసేసి కొత్తగా కడితే కనీసం 50 ఎకరాలు, ఖాళీ నేల మీద కొత్తగా కడితే కనీసం 250 ఎకరాలు. నగరమంతటికీ పనికొచ్చే పథకం కనీసం ఒకటి ఉండాలన్నారు గానీ, అది కెమెరాలు, కమాండ్ సెంటర్ లాంటి టెక్నాలజీ పని. 100 నగరాలు వేసుకున్న ప్రణాళికల మొత్తం విలువ దాదాపు రూ.2.05 లక్షల కోట్లు. అందులో సుమారు 80 శాతం ఆ ఎంచుకున్న ప్రాంతాలకే.

500 ఎకరాలంటే రెండు చదరపు కిలోమీటర్లు. మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధి 600 చదరపు కిలోమీటర్లకు పైనే. అటు భీమిలి నుంచి ఇటు అనకాపల్లి దాకా ఉన్న ఊరది. ఆ ఊరికి ఎంచుకున్నది ఆర్‌కే బీచ్ చుట్టుపక్కల తీర ప్రాంతం. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న ఆ తీరాన్ని ఎలా చీల్చి చెండాడిందో చూసినవాళ్లెవరూ ఆ ఎంపిక అర్థం లేనిదని అనరు. విశాఖ అంటే బయటివాళ్లకు మొదట గుర్తొచ్చేది బీచ్ రోడ్డే. అమెరికా వాణిజ్యాభివృద్ధి సంస్థ సాయం చేస్తామని ముందుకు వచ్చిన మూడు భారతీయ నగరాల్లో విశాఖ ఒకటి. 2016 జనవరిలో తొలి 20 నగరాల జాబితా వచ్చినప్పుడు అందులో విశాఖ, కాకినాడ రెండూ ఉన్నాయి.

నేను అడిగేది వేరు. 2005లో మున్సిపాలిటీగా ఉండి విలీనమైన గాజువాక సంగతేమిటని, అప్పుడే కలిసిన 32 గ్రామాల సంగతేమిటని, కొండవాలు వాడల సంగతేమిటని ఆ రోజు కౌన్సిల్లో లేచి అడిగినవాళ్లు ఎవరు?

ఎవరూ లేరు. ఎందుకంటే కౌన్సిలే లేదు. 2007లో ఎన్నికైన విశాఖ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. గడువు తీరేలోగా ఎన్నికలు జరిపి తీరాలని రాజ్యాంగం 243యు అధికరణ చెబుతున్నా, విలీనాల వివాదాలతో, వార్డుల విభజనతో, ప్రభుత్వాల అనాసక్తితో ఏళ్లు దొర్లిపోయాయి. ఒక్క విశాఖే కాదు. కాకినాడకు ప్రణాళిక ఖరారైన నాటికి ఎన్నికైన పాలకవర్గం లేదు, ఎన్నికలు 2017 ఆగస్టులో జరిగాయి. 2016లో ఎంపికైన తిరుపతికి కార్పొరేషన్ అయ్యాక తొలి ఎన్నికలే 2021లో. అంటే ఆంధ్రప్రదేశ్‌లో నగరపాలక సంస్థలుగా ఉన్న ఈ మూడు స్మార్ట్ సిటీల్లోనూ ఏ ప్రాంతానికి డబ్బు పెట్టాలన్న నిర్ణయం, వార్డుల నుంచి ఎన్నికైన ఒక్క మనిషి కూడా కుర్చీలో లేనప్పుడు జరిగింది.

ప్రజాభిప్రాయం తీసుకున్నారు. ఆన్‌లైన్ పోల్స్ పెట్టారు, సమావేశాలు జరిపారు, నిజమే. కానీ ఫోన్లో ఒక బటన్ నొక్కడానికీ, మీ వీధి పేరు చెప్పి నిలదీసే ప్రతినిధి ఉండడానికీ పోలిక లేదు.

ఆ తర్వాత ఎన్నికలు జరిగినా డబ్బు కౌన్సిల్ చేతికి రాలేదు. స్మార్ట్ సిటీ పనులు చేయాల్సింది కార్పొరేషన్ కాదు, దానికోసం కంపెనీల చట్టం కింద పెట్టిన ప్రత్యేక కంపెనీ. మున్సిపల్ భాషలో ఎస్‌పీవీ. అందులో రాష్ట్రానికి సగం, స్థానిక సంస్థకు సగం వాటా. నిర్ణయం బోర్డుది. బోర్డులో ఎక్కువగా ఉండేది అధికారులు. పనులు త్వరగా, వృత్తిపరంగా జరగాలన్న ఉద్దేశంతోనే అలా పెట్టారు, కొన్నిచోట్ల జరిగాయి కూడా. కానీ శివారు కార్పొరేటర్ జీరో అవర్‌లో ఎంత అరిచినా ఆ బోర్డు అజెండా మారదు.

నడిబొడ్డు వాదనలో నిజమెంత

ఇంతదాకా చదివి నన్ను నడిబొడ్డుకు వ్యతిరేకిని అనుకోకండి. అటువైపు వాదనలో బలం ఉంది, దాన్ని సరిగ్గా వినకుండా పేటల పక్షాన మాట్లాడడం న్యాయం కాదు.

మొదటి వాదన: ఉన్న కాస్త డబ్బును నగరమంతా చల్లితే ఎక్కడా ఏమీ కనిపించదు. లెక్క వేసి చూద్దాం. కేంద్రం రూ.500 కోట్లు, రాష్ట్రం, కార్పొరేషన్ కలిపి ఇంకో రూ.500 కోట్లు, మొత్తం రూ.1,000 కోట్లు. విశాఖలో 2021 ఎన్నికల నాటి 98 వార్డులకు సమంగా పంచితే వార్డుకు దాదాపు రూ.10 కోట్లు, ఐదేళ్లకు. ఏడాదికి రెండు కోట్లు. వార్డులో పెద్ద కాలువ ఒకటి మొదలుపెడితే చాలు, అయిపోతుంది. పైగా కాలువకు వార్డు హద్దు తెలియదు. ఒక వార్డులో వెడల్పు చేసి పక్క వార్డులో వదిలేస్తే నీళ్లు అక్కడ ఎగదన్నుతాయి. కాబట్టి సమానంగా పంచడం అనేది వినడానికి న్యాయంగా ఉన్నా, పనికి అడ్డం పడొచ్చు.

రెండో వాదన: వ్యాపార ప్రాంతం పన్ను కడుతుంది, అది కట్టిన డబ్బులో దానికీ కొంత దక్కాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్న హద్దుతో. నడిబొడ్డులో రోడ్డు, లైట్లు, పార్కులు బాగుపడితే అక్కడ ఆస్తి విలువ పెరుగుతుంది, పన్ను పెరుగుతుంది, ఆ పన్ను పేటలకు వెళ్తుంది. కాగితం మీద ఇది సరైన లెక్కే. నేల మీదకు వచ్చేసరికి మూడు చోట్ల కారిపోతుంది. పెరిగిన విలువలో పెద్ద లాభం ఆస్తి యజమానిది. అది అమ్మినప్పుడు వచ్చే స్టాంప్ డ్యూటీ రాష్ట్ర ఖజానాది, స్థానిక సంస్థకు దక్కేది ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో వాటా మాత్రమే. ఇక మూడోది, విశాఖ లాంటి ఊళ్లో నడిబొడ్డులో పెద్ద పెద్ద స్థలాలు కేంద్ర ప్రభుత్వానివి. నౌకాదళం, రైల్వే వంటి వాటి ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం ఆస్తి పన్ను వర్తించదు, సేవలకు కొంత రుసుము మాత్రమే ఉంటుంది. పక్కన ఎంత గొప్ప రోడ్డు వేసినా అక్కడినుంచి పెరిగే పన్ను ఉండదు.

అందుకే నా అభిప్రాయం ఇది: డబ్బును ఒకచోట గుమ్మరించడం తప్పు కాదు, ఏ చోట అన్నదే ప్రశ్న. కంటికి కనిపించే చోట గుమ్మరించామా, నగరం ఎక్కడ తెగిపోతోందో అక్కడా?

హుద్‌హుద్ తర్వాత విశాఖలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. తుపానుకు స్తంభాలు కూలిపోయి ఊరు చీకట్లో పడింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 90 వేలకు పైగా ఎల్ఈడీ వీధి దీపాలు పెట్టింది. బీచ్ రోడ్డుకు వచ్చిన వెలుతురే కొండవాలు మెట్ల దారికీ వచ్చింది. పెట్టిన ఖర్చును ఆదా అయిన కరెంటు బిల్లులోంచి తీర్చే పద్ధతి అది. ఆ మెట్ల దారులు మీరు ఎక్కారో లేదో. ఒక్కో చోట మెట్టుకూ మెట్టుకూ మధ్య మోకాలి ఎత్తు. పక్కనే వంటింటి నీళ్లు పారే సన్నని కాలువ, ఆ కాలువ గోడను ఆనుకుని పైకి పాకే నీళ్ల పైపులు. రాత్రిపూట నీళ్ల బిందెతో దిగే మనిషికి ఒక బల్బు ఎంత పనికొస్తుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఆ దీపాల కోసం కొండవాలు, బీచ్ రోడ్డు పోట్లాడుకోవాల్సిన అవసరం రాలేదు.

వరంగల్‌లో దీనికి ఇంకో పాఠం ఉంది. 42 గ్రామాలను కలుపుకొని గ్రేటర్ అయిన నగరం అది. స్మార్ట్ సిటీ జాబితాలోకి 2016 మేలో వచ్చింది. భద్రకాళి చెరువు కట్టను సుందరంగా తీర్చిదిద్దారు, సాయంత్రం పూట జనం వస్తారు, పిల్లలు ఆడుకుంటారు. నాకూ నచ్చిన చోటే. కానీ 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వానలు దంచికొట్టినప్పుడు నయీంనగర్ నాలా పొంగి హనుమకొండను ముంచేసింది. సమ్మయ్యనగర్ లాంటి కాలనీల్లో ఇళ్లు మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టే పోతననగర్ వైపు తెగింది. వడ్డేపల్లి చెరువు వైపు నుంచి వచ్చే నీరు నయీంనగర్ దాటాలి, ఆ నాలా ఇరుకైతే పైన ఉన్న కాలనీ, కింద ఉన్న మెయిన్ రోడ్డు రెండూ మునుగుతాయి. నీటి విషయానికి వస్తే నడిబొడ్డు, పేట వేర్వేరు కావు. నాలాకు పెట్టిన ఖర్చు ఇద్దరిదీ.

అప్పు తెచ్చాక మాట్లాడేదేమీ ఉండదు

హైదరాబాద్ సంగతి ఇంకో రకం. అక్కడ స్మార్ట్ సిటీ డబ్బు కాదు, ఎక్కువగా అప్పు. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ఎస్‌ఆర్‌డీపీ పథకం కోసం అక్కడి నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో రూ.200 కోట్ల బాండ్లు జారీ చేసింది, వడ్డీ 8.90 శాతం. ఆ తర్వాత మరిన్ని బాండ్లు, బ్యాంకు రుణాలు. ఆ మొదటి రూ.200 కోట్ల మీదే, అసలు మొత్తం బాకీ ఉన్నంతకాలం, ఏడాదికి వడ్డీ రూ.17.8 కోట్లు. బాండు కొన్నవాడికి ఇచ్చిన మాట తప్పడానికి లేదు. కాబట్టి ఆస్తి పన్ను వసూలు కాగానే ముందు వాయిదా, తర్వాత జీతాలు, చివరికి వార్డు పనులు. ఎవరో కావాలని పేటలను వెనక్కి నెట్టనక్కర్లేదు. వరుసలో చివర నిలబడ్డవాడికి ఏం మిగులుతుందో అదే మిగులుతుంది.

దుర్గం చెరువు తీగల వంతెన ఖర్చు రూ.184 కోట్లు. 2020 సెప్టెంబర్ 25న ప్రారంభించారు. మూడు వారాలు తిరక్కుండానే అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు నగరంలో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. వంతెన వల్ల వరద రాలేదు, ఆ మాట ఎవరన్నా తప్పే. వంతెన ఎందరికో పనికొస్తోంది. కానీ నాలాల కోసం రూ.985 కోట్ల అంచనాతో ఎస్‌ఎన్‌డీపీ అనే పథకం తొలి దశ వచ్చింది ఆ వరద తర్వాతే. నాలాలను వెడల్పు చేయాలని 2003లోనే నివేదిక ఉంది. పదిహేడేళ్లు అది వరుసలో వెనకే నిలబడింది.

చిన్న పనుల దగ్గర ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూసిన సంగతి ఒకటి చెబుతాను. నేనుండే ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. వానాకాలం ముందు మా వీధి కాలువలో పూడిక తీశారు. తీసిన మట్టిని కాలువ గట్టు మీదే కుప్పలు పోశారు. ఎదురింటి పిన్నిగారు మేస్త్రీని అడిగింది.

"ఏమయ్యా, ఈ కుప్ప ఎప్పుడు ఎత్తుతారు?"

"తీసే పనే మాదండీ. ఎత్తేది ట్రాక్టర్ వాళ్లు. వాళ్లకి పాత బిల్లులు రాలేదంట, రావడం మానేశారు."

"ఈలోగా వానొస్తే?"

అతను ఏమీ అనలేదు, పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వాన నాలుగో రోజు వచ్చింది. కుప్ప మళ్లీ కాలువలోకి జారింది. ఆ పనికి మంజూరు ఉంది, అంచనా ఉంది, వార్డు ఖర్చు కింద లెక్కలోనూ పడింది. పేటలకు ఎంత ఇచ్చారని అడిగితే కాగితం మీద కనిపించే అంకెలో మా వీధి పూడిక కూడా ఉంటుంది. పెద్ద ప్రాజెక్టు కాంట్రాక్టర్‌కు రుణం డబ్బు వేరుగా ఉంటుంది, బిల్లు దాదాపు సమయానికి వస్తుంది. ఐదారు లక్షల వార్డు పని చేసేవాడు బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. రెండుసార్లు తిరిగినవాడు మూడోసారి టెండర్ వేయడు. కార్పొరేటర్ కొట్లాడి మంజూరు చేయించిన పని "టెండర్‌కు స్పందన లేదు" అనే ఒక్క వాక్యంతో ఆగిపోతుంది. అందుకే వార్డులకు మంజూరైన మొత్తం చూసి మోసపోకూడదు. అందులో బిల్లు చెల్లించింది ఎంతో అడగాలి.

కౌన్సిల్లో అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. పెద్ద ప్రాజెక్టు టేబుల్ అజెండాగా, అంటే ముందుగా సభ్యులకు పంపకుండా అప్పటికప్పుడు సమావేశంలో పెట్టే అంశంగా వచ్చి పది నిమిషాల్లో ఆమోదం పొందేటప్పుడు మన వాటా ఎంత, ఆ వాటా ఏ పద్దులోంచి తీస్తున్నారు, కట్టాక ఏడాదికి నిర్వహణ ఖర్చెంత అని ఎవరైనా అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించాలి. ఫౌంటెన్‌కు మోటారు కావాలి, పార్కుకు వాచ్‌మన్ కావాలి, కెమెరాకు కేబుల్ కావాలి. గ్రాంట్ కట్టడానికే వస్తుంది, కాపాడుకోవడానికి రాదు.

మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. 74వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 జూన్ 1న. తెలంగాణ 2019 చట్టం ఇంకో అడుగు వేసి మున్సిపాలిటీల్లో వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. కానీ మీ వార్డులో ఎవరున్నారో మీకు తెలుసా? పుణెలో 2006 నుంచి వార్డు పనుల జాబితాలో కొంత భాగాన్ని పౌరులే రాసిచ్చే పద్ధతి నడుపుతున్నారు. మొత్తం చిన్నదే. అయినా ఫలానా మూల మీద ఫుట్‌పాత్ కావాలని, ఫలానా చోట దీపం కావాలని రాసిన కాగితానికి బడ్జెట్‌లో ఒక వరుస దొరుకుతుంది.

స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. విశాఖ, కాకినాడ, తిరుపతి, వరంగల్, కరీంనగర్‌లలో ఆ డబ్బుతో కట్టినవన్నీ ఇకపై కార్పొరేషన్లే చూసుకోవాలి. ఆ ఖర్చు పడేది సొంత ఆదాయం మీద, అంటే పేటల కాలువలకు మిగిలే ఆ కొంచెం మీదే. విశాఖ, తిరుపతి, వరంగల్‌లలో 2021లో ఎన్నికైన పాలకవర్గాలకు ఐదేళ్లు నిండేది 2026లో. తర్వాతి ఎన్నికలు మునుపటిలా ఏళ్లకేళ్లు వాయిదా పడితే, ఆ నిర్వహణ ఖర్చు ఎవరి వాటాలోంచి పోవాలన్నది కూడా కౌన్సిల్ హాలుకు తాళం ఉన్నప్పుడే తేలిపోతుంది.